ఆరో జాయింటు

1967 జూన్ 12, సోమవారం. ఆ ఉదయం పది గంటలకు యూనివర్సిటీ ఆవరణలోని డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు నిండి నాలుగు నెలలు. తార్నాకలో మా అద్దె ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు మొదటి మెట్టు వరకు రెండు వేల నూట నలభై అంగలు. వానాకాలం బురద తప్పించుకుంటూ వెళ్తే రెండు వేల మూడు వందలు అయ్యేవి. ఇప్పుడు నేనుంటున్న ఊళ్లో ఎవరైనా ఎంత దూరమని అడిగితే నా మనసు ముందు ఆ అంకె దగ్గరికే పోతుంది. తరువాతే అసలు జవాబు చెప్తాను.

ట్రేసరంటే ఏమిటో ఇప్పటివాళ్లకు తెలియదు. డ్రాఫ్ట్స్‌మన్ కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. దాని మీద గంజి పెట్టి నున్నగా చేసిన పల్చటి గుడ్డ పరిచి, కిందనించి కనిపించే గీతల మీదే ఇంకుతో మళ్లీ గీసేది ట్రేసరు. ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. చెయ్యి వణక్కూడదు, చెమట గుడ్డ మీద పడకూడదు. తప్పు పడితే సగం విరిచిన బ్లేడుతో ఇంకును గీకి, ఆ చోట గోటితో రుద్ది నునుపు చేసి మళ్లీ రాయాలి. ప్రతి బొమ్మకూ కింద కుడి మూలన మూడు గడులు ఉండేవి: డ్రాన్, ట్రేస్డ్, చెక్డ్. గీసినవారు, దిద్దినవారు, సరిచూసినవారు. నా పొడి అక్షరాలు రెండో గడిలో పడేవి. మొదటి ఏడాదిలో రెండు వందల పద్దెనిమిది బొమ్మలు చేశాను. అన్నిసార్లూ రెండో గడే. నా కన్ను మాత్రం మొదటి గడి మీద ఉండేది.

ఆ మొదటి గడికి దారి నాకు ఒక ఫిట్టరు మేస్త్రి చూపించాడు.

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పైపుల పని చేసి రిటైరై, అక్కడే కొడుకు క్వార్టరులో ఉండేవాడు. మల్కాజ్‌గిరి అవతల వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. మా ఆవరణలో ప్రయోగాల కోసం కొత్త షెడ్డు కడుతుంటే, బాయిలర్ నుంచి అందులోకి ఆవిరి తెచ్చే పైపులైను పనికి తాత్కాలికంగా ఆయన్ని పెట్టుకున్నారు. పొట్టిమనిషి. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. కుడికంట్లో పువ్వు మొదలైంది కనక తల కొంచెం పక్కకు తిప్పి చూసేవాడు.

మొదటిసారి ఆఫీసులోకి వచ్చినప్పుడు గుడ్డ మీంచి తీసిన నకలు, ఒక ప్రింటు, తెచ్చి నా బల్ల మీద పరిచాడు.

"గీ బొమ్మ ఎవలు గీసిండ్రమ్మా?"

"హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు గీశారు. నేను ట్రేస్ చేశాను."

"ఇగో గీడ సూడు. గీ వాల్వు తిప్పాలంటే గోడకు చేతులు మొలవాలె."

చూశాను. వాల్వు చక్రం గోడవైపు తిరిగి ఉంది. మధ్యలో అంగుళం జాగా కూడా లేదు. ఆ గీత మీద నేను పెన్ను నడిపాను, కనిపించలేదు. నవ్వు ఆపుకోలేకపోయాను. అవతల బల్ల దగ్గర హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ తలెత్తి చూశారు.

"నవ్వుతున్నవంటే తెలిసినట్టే," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "తీరినప్పుడు షెడ్డుకాడికి రా. కాయితం మీద పైపును సూసినవ్. పైపును పైపులెక్క సూడలే."

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం వేళ దొరికే నలభై నిమిషాల్లో షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. అన్నానికి పది నిమిషాలు పోగా ముప్పై మిగిలేవి. 1968 మార్చి నుంచి అక్టోబరు వరకు, ఆదివారాలూ సెలవులూ తీసేస్తే నూట అరవై ఒక్క రోజులు. ఎనభై గంటల మీద ముప్పై నిమిషాలు. నా అసలు చదువు అంతే.

మొదట్లో ఆయన్ని మేస్త్రిగారూ అని పిలిచేదాన్ని.

"గారేంది? నేనేమన్న తాసీల్దారునా? కాకా అను."

"మా వైపు బాబాయిగారూ అంటాం."

"మల్ల గారే! మీ కోస్తోళ్లు తిట్టినా గారు పెడ్తరు."

రెండు వారాల్లో కాకా అనడం అలవాటైంది.

ఆయన నేర్పినవి పుస్తకంలోనూ ఉంటాయి. వంపు ఉన్న చోట కొలత వంపు మధ్యబిందువు నుంచి తీసుకోవాలి, కొయ్యాల్సిన పైపు పొడవు కావాలంటే ఆ వంపు తినే భాగం తీసెయ్యాలి. పైపు చివర బోల్టుల కన్నాలున్న చక్రాల్లాంటి ఫ్లాంజీలు రెండు బిగించే చోట మధ్యలో పెట్టే గాస్కెట్ మందం కూడా లెక్కలోకి రావాలి. అడ్డదారిన నలభై ఐదు డిగ్రీల్లో పోయే పైపుకు పక్క దూరాన్ని ఒకటి పాయింటు నాలుగు ఒకటి నాలుగుతో హెచ్చవేయాలి. నీళ్లుగా మారిన ఆవిరి వెనక్కి పోవడానికి లైనుకు వాలు ఉండాలి. నేను అంకెలతో చెప్పిన ప్రతిదీ ఆయన వేళ్లతో చెప్పేవాడు. కళ్లు మూసుకొని గాలిలో వేలు నడిపించి, "గిట్లొచ్చింది, గిట్ల లేచింది, గిట్ల తిరిగింది. ఇప్పుడు ఉత్తరం ఎటున్నది చెప్పు," అనేవాడు. నేను తప్పు చెప్తే, "అయితే ఆవిరి పోయి దవాఖానల పడ్డది," అని నవ్వేవాడు.

ఒకే బొమ్మలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కనిపించేలా గీయడాన్ని ఐసోమెట్రిక్ అంటారు. అది పట్టుబడడానికి నేను ఇంట్లో గది మూలను వాడుకున్నాను. రెండు గోడలూ నేలా కలిసే మూల దగ్గర కూర్చుని, చీపురుపుల్లలు విరిచి, దారంతో కట్టి, మూలలోంచి పైపులు నడిపించేదాన్ని. తరువాత వాటిని చూస్తూ కాగితం మీద గీసేదాన్ని. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "పుల్లలు విరుచుకోవడానికా నీకింత చదువు చెప్పించాం? ఉన్న ఒక్క చీపురూ బోడిదైపోయింది," అనేది. నాన్న మిషన్ బడిలో లెక్కల మేష్టారు. ఆయన వంగి చూసి, "ఆ మూడో పుల్ల నిలువుగా లేదే," అని వెళ్లిపోయేవారు.

జులైలో అసిస్టెంట్ ఇంజనీరు నన్ను పిలిచారు. హైదరాబాదు మనిషి. నిండా ముప్పై ఏళ్లు లేవు, ఎప్పుడూ తొందర.

"చూడమ్మా, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ హాస్టల్ ప్లాన్లల్ల ఫుల్ బిజీ ఉన్నడు. స్టీమ్ లైను ఐసోమెట్రిక్ నువ్వే డ్రా చెయ్. మేస్త్రి నీ గురించి బాగ చెప్తున్నడు."

"సార్, మరి గడిలో..."

"డ్రాన్ బాక్సుల నీ ఇనిషియల్స్ పెన్సిల్‌తోని పెట్టు. స్టీమ్ వచ్చినంక ఇంకు చేద్దాం. డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ ఉన్నది. లైను మంచిగొస్తే నీ పేరుమీద ఫైల్ పెడ్త."

ఆ సాయంత్రం గుడ్డ కింది మూలన, మొదటి గడిలో, గట్టి ములుకు పెన్సిలుతో రెండు అక్షరాలు రాశాను. రాసి చాలాసేపు చూశాను. తార్నాక వరకు నడిచిన అంగలు ఆ రోజు లెక్కపెట్టలేదు.

లైను సంగతి చెప్పాలి. బాయిలర్ గోడ దగ్గర కదలకుండా బిగించిన ఫ్లాంజి నుంచి, షెడ్డు లోపల చివరి గోడ ముందు కిందికి తిరిగే వంపు వరకు సరిగ్గా ముప్పై రెండు వేల మిల్లీమీటర్లు. అంటే ముప్పై రెండు మీటర్లు. అయిదు పైపులు ఒకే పొడవు, ఒక్కొక్కటి అయిదు వేల ఎనిమిది వందలు. చివరిది వంపుతో కూడిన పొట్టి ముక్క. మొత్తం ఆరు ముక్కలు, ఆరు జాయింట్లు. ఆరోది అయిదో పైపుకూ ఆ పొట్టి ముక్కకూ మధ్య. వంపు నుంచి పైపు కిందికి దిగి నేలలో బిగించిన వాల్వుకు చేరుతుంది. వంపు వీపుకూ వెనక గోడకూ మధ్య, వేడి పోకుండా పైపుకు చుట్టే కప్పు మందం పోను, ముప్పై మిల్లీమీటర్లు.

అక్టోబరులో మేస్త్రి షెడ్డులో కొలతలు తీసి ఒక చీటీ ఇచ్చాడు. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం గుండ్రంగా రాసేవాడు. మర్నాడు కంటి ఆపరేషన్‌కు రైల్వే ఆసుపత్రిలో చేరుతున్నాడు.

"నెల పట్టొచ్చంటున్నరు. లైను కట్టుడు సురువైతే కానియ్యి. కానీ ఆరో జాయింటు ముట్టనియ్యకు. ఆఖరి జాయింటు మేస్త్రి కట్టాలె. మా వర్క్‌షాపుల గదే కాయిదా."

సరేనన్నాను. పాతకాలపు ముచ్చట అనుకున్నాను. చివరి ఇటుక తాపీమేస్త్రి పెట్టినట్టు, ఒక గౌరవం.

అక్టోబరు 25, శుక్రవారం. ప్రింటు సాయంత్రం నాలుగింటికి పైపులు కోసే యూనివర్సిటీ వర్క్‌షాపుకు వెళ్లాలి. గుడ్డ మీద కొలతలన్నీ ఇంకుతో రాసేశాక, అలవాటు ప్రకారం మొత్తం కూడి చూశాను. అయిదు ముక్కలు ఇరవై తొమ్మిది వేలు. ఆరు గాస్కెట్లు, ఒక్కోటి ఒకటిన్నర, మొత్తం తొమ్మిది. చివరి ముక్క చీటీలో రెండు వేల తొమ్మిది వందల అరవై ఎనిమిది. కూడితే ముప్పై ఒక్క వేల తొమ్మిది వందల డెబ్బై ఏడు. ఇరవై మూడు తక్కువ.

మూడుసార్లు కూడాను. ఇరవై మూడే తక్కువ. చీటీ తీసుకొని ఇంజనీరు దగ్గరికి వెళ్లాను.

"ముసలాయనకు కండ్లు కనబడ్తలేవు గదమ్మా. టేపు తప్పు చదివిండు. నీకు లెక్క వచ్చు గద, సరిజెయ్."

ఆ మాట నాకు నచ్చింది. నాకు లెక్క వచ్చు. బల్ల దగ్గరికి వచ్చి సగం బ్లేడు తీసి 2,968 గీకేసి, గోటితో నునుపు చేసి, 2,991 అని రాశాను. మళ్లీ కూడాను. ముప్పై రెండు వేలు. ఇంత చక్కగా సరిపోయిన మొత్తాన్ని అంతకుముందు నేను చూడలేదు.

తార్నాక నుంచి లాలాగూడ ఆసుపత్రికి నడిస్తే నలభై నిమిషాలు. ఆ శుక్రవారం నుంచి నవంబరు 26 వరకు ముప్పై రెండు రోజులు. ఒక్కరోజు కూడా వెళ్లలేదు. వెళ్లి ఉంటే అడిగేదాన్ని. అడగకపోవడానికే వెళ్లలేదేమో, ఇంత వయసొచ్చినా తేల్చుకోలేకపోయాను.

నవంబరు రెండో వారంలో ఇద్దరు ఫిట్టర్లు లైను కట్టారు. ఆరో జాయింటు దగ్గరికి వచ్చేసరికి రెండు ఫ్లాంజీలు ఒకదానికొకటి అద్దం ముందు నిలబడ్డట్టు ఎదురెదురుగా నిలిచాయి. బోల్టులు వేళ్లతో నెడితే దూరిపోయాయి. ఇంజనీరు పక్కనుంచి చూసి, "శభాష్! సూది దూరే సందు లేదు. డ్రాయింగంటే ఇట్లుండాలె," అన్నారు. ఆరో జాయింటు మేస్త్రికి వదలాలని చెప్పడానికి నోరు తెరిచాను. అంత బాగా అతికినదాన్ని వదలమనడం ఎందుకనిపించింది. మూసుకున్నాను.

నవంబరు 26, మంగళవారం, పదకొండు గంటలకు ఆవిరి వదిలే ముహూర్తం. డిపార్ట్‌మెంటు పెద్ద ప్రొఫెసరు వస్తున్నారు. నేను నీలంరంగు నేత చీర కట్టుకొని వెళ్లాను. పదిన్నరకు మేస్త్రి వచ్చాడు. నల్లద్దాలు, పక్కకు తిప్పిన తల. అందరికీ దండం పెట్టి, లైను పక్కనే చేత్తో తడుముకుంటూ నడిచాడు. ఆరో జాయింటు దగ్గర ఆగిపోయాడు. బోల్టు చివర బొటనవేలితో తడిమాడు.

"పొట్టి బోల్టులేసిండ్రేంది? గీడ సందు ఉండాలె. నా సందు ఏడవాయె?"

నేను దగ్గరికి వెళ్లాను. "కాకా, మీ చీటీలో ఇరవై మూడు తక్కువ వచ్చింది. సరిచేశాను."

ఆయన బోల్టు మీంచి వేలు తీశాడు. తరువాత, నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

"తక్కువ రాలే బిడ్డా, తక్కువ పెట్టిన. వేడికి పైపు పెరుగుతది. గందుకే సల్లగున్నప్పుడు పొట్టిగ కోసి, పొడుగు బోల్టులేసి గుంజి కట్టాలె. వంపు గోడకు దూరం జరుగుతది. ఆవిరొచ్చినంక పెరిగి, దాని జాగకు అది వస్తది. ఇప్పుడైతే పోయి గోడను గుద్దుతది."

ఆయన మాట పూర్తయ్యేలోపే నా బుర్రలో లెక్క అయిపోయింది. ఇనుము మీటరుకు, డిగ్రీకి, మిల్లీమీటరులో వెయ్యింట పన్నెండు వంతులు పెరుగుతుందని పుస్తకంలో చదివాను. ఆ పుట కుడివైపుదని కూడా గుర్తుంది. ముప్పై రెండు మీటర్లు. ముప్పై డిగ్రీల నుంచి నూట యాభైకి, నూట ఇరవై డిగ్రీలు. నలభై ఆరు మిల్లీమీటర్లు. అందులో సగం ఇరవై మూడు. గోడకున్న జాగా ముప్పై.

మేస్త్రి ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. "సారూ, ఇయ్యాల ఆవిరి వద్దు. ఆరో జాయింటు ఇప్పాలె."

"ఏంది మేస్త్రీ, ప్రొఫెసర్ సాబ్ బయల్దేరిండు. ఈ టైముల జాయింటు ఇప్పుడేంది?" అని ఆయన నావైపు తిరిగారు. "ఏమమ్మా, డ్రాయింగుల ఏమన్న తప్పున్నదా?"

అందరూ నన్ను చూశారు. గుడ్డ మీద ఆ పెన్సిలు అక్షరాలు నా కళ్ల ముందు ఉన్నాయి.

"లెక్క సరిగానే ఉంది సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. కూడితే ముప్పై రెండు వేలే.

పదకొండు దాటి ఆరు నిమిషాలకు, ప్రొఫెసరు వచ్చాక, బాయిలర్ దగ్గర వాల్వు తిప్పారు. పైపు లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు రెండు మూడు చప్పుళ్లు, తరువాత సన్నటి రొద. నేను వంపు వీపుకూ గోడకూ మధ్య ఉన్న వెలుతురు చారను చూస్తూ నిలబడ్డాను. మొదట ఏమీ తెలియలేదు. తరువాత చార సన్నబడింది. ఇంకా సన్నబడింది. పోయింది. గోడ గచ్చు పెళుసుగా చిట్లి రాలింది. కింద వాల్వు దగ్గర ఫ్లాంజి మెలితిరిగి, గాస్కెట్ పక్కనుంచి తెల్లటి ఆవిరి కత్తిలా బయటికి కొట్టింది.

"బంజెయ్! బంజెయ్!" మేస్త్రి అరుస్తూ ప్రొఫెసరును రెండు చేతులతో వెనక్కి నెట్టాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. అందులో నా లెక్క గొప్పతనమేమీ లేదు.

ప్రొఫెసరు వెళ్లిపోయారు. ఇంజనీరు ముఖం ఎర్రబడింది. మేస్త్రి మీదికి వెళ్లారు. "నీ కొలతలే గద! కండ్లు లేనోడివి కొలతలెందుకు తీస్తవ్?"

మేస్త్రి నల్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "నా కొలతలే సారూ," అన్నాడు. అంతే.

నేను ఆఫీసుకు వెళ్లాను. నూట పన్నెండు అంగలు. బల్ల సొరుగులోంచి చీటీ తీసుకొని తిరిగి నూట పన్నెండు అంగలు వచ్చి, ఇంజనీరు చేతిలో పెట్టాను.

"చీటీలో 2,968 ఉంది సార్. నేను గీకేసి మార్చాను. ఆరో జాయింటు వదలమని ఆయన ముందే చెప్పారు, అదీ చెప్పలేదు. ఇందాక మీరు అడిగినప్పుడు నాకు తెలుసు."

ఆయన చీటీ చూశారు, నన్ను చూశారు. సరిచెయ్యమన్నది తానేనన్న సంగతి ఆయనకూ గుర్తొచ్చిందనుకుంటాను. నేను ఆ మాట ఎత్తలేదు. చీటీ మడిచి తిరిగి నాకే ఇచ్చారు.

మధ్యాహ్నం మేస్త్రి షెడ్డు బయట రాయి మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సగం టీ సాసరులో పోసి నావైపు జరిపాడు.

"గింత లెక్క వచ్చినదానివి, నన్నొక్క మాట అడుగ రాకపాయెనా?"

"మీ కంటికి కట్టు కట్టారు కదా కాకా."

"కంటికి కట్టిండ్రు. నోటికి కట్టలే."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన చూడనట్టు రోడ్డు మీద పోయే బస్సువైపు తల తిప్పుకున్నాడు. కాసేపయ్యాక అడిగాను, ఇరవై మూడు ఎలా వచ్చిందని. ఆ సూత్రం ఆయనకు తెలియదు కదా.

"నూరు ఫీట్లకు ఒక బొటనవేలు. మా ఉస్తాద్ చెప్పిండు. వేలు అడ్డం పెట్టి గీత గీసుడే."

చేతిసంచిలోంచి ఆరంగుళాల స్కేలు తీసి, ఆయన బొటనవేలు అడ్డంగా దాని మీద పెట్టించాను. గోరు కింద నల్లటి మసి, పక్కన పాత కాలిన మచ్చ. చదివాను. ఇరవై మూడు.

పోస్టు ఫైలు కదల్లేదు. మొదటి గడిలోని పెన్సిలు అక్షరాలు నేనే రబ్బరుతో చెరిపాను. ఆ చోట హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అక్షరాలు ఇంకుతో పడ్డాయి. నేను ట్రేసరుగానే ఉన్నాను. 2,991 గీకి మళ్లీ 2,968 రాశాను. ఒకేచోట రెండుసార్లు బ్లేడు పడి గుడ్డ పల్చనైంది, వెలుతురుకు ఎత్తితే అక్కడ కిటికీలా కనిపించేది. ఆరో జాయింటు పక్కన బాణం గుర్తు పెట్టి, ఇరవై మూడు సందు వదిలి గుంజి కట్టాలని రాశాను. బొమ్మ పైన మార్పుల పట్టీ ఉంటుంది. ఏం మార్చారో, ఏ తేదీనో, ఎవరు మార్చారో అందులో రాయాలి. చివరి గడి ఖాళీగా వదిలి ఇంజనీరు దగ్గరికి పట్టుకెళ్లాను.

"మార్చింది ఎవరు?" అన్నారు.

"నేనే సార్."

"అయితే నీ ఇనిషియల్స్ పెట్టు. పెన్సిల్ వద్దు. ఇంకుతోనే."

డిసెంబరు 17, మంగళవారం, రెండోసారి. ఈసారి ప్రొఫెసరు లేరు, కొత్త చీర లేదు. పొద్దున్నే మేస్త్రి ఆరో జాయింటులో పొడుగు బోల్టులు వేసి, ఒక్కో నట్టూ వంతులవారీగా తిప్పుతూ, మూలుగుతున్న పైపును దగ్గరికి గుంజాడు. పానా ఒకసారి నా చేతికిచ్చాడు. రెండు చేతులతో పావుచుట్టు తిప్పగలిగాను. వంపు గోడకు దూరం జరిగింది. కొలిచాను, యాభై మూడు. ఆవిరి వదిలాక మేమిద్దరం గోడ దగ్గర నిలబడ్డాం. వంపు నెమ్మదిగా, ఊరినుంచి వస్తున్న మనిషిలా, తన చోటికి వచ్చి ఆగింది. యాభై మూడులోంచి నలభై ఆరు పోతే ఏడు మిగలాలి. స్కేలు పెట్టాను. ఎనిమిది.

"ఒక మిల్లీమీటరు తేడా ఉంది కాకా."

"గా ఒక్కటి పైపుకు ఇడువు బిడ్డా. దానికీ కొంచెం ఇష్టముంటది."

అప్పటినుంచి అన్నం వేళలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నేర్పింది పైపు ఎక్కడ కదలాలి, ఎక్కడ కదలకూడదు, ఏ పట్టీ బిగించి పట్టుకోవాలి, ఏది జారనివ్వాలి అన్నది. నెలరోజులు కూడా సాగలేదు. జనవరి నుంచి ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లో గొడవలు పెరిగాయి. ఆవరణ మూతపడింది, తెరిచింది, మళ్లీ మూతపడింది. కోస్తా నుంచి వచ్చినవాళ్లం కనక నాన్న మా వైపు మిషన్ బడికి మార్పించుకున్నారు. 1969 జూన్‌లో తార్నాక ఇల్లు ఖాళీ చేశాం. సామాన్లు కడుతుంటే మేస్త్రి లాలాగూడ నుంచి నడిచి వచ్చాడు. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

"లైను ఎలా ఉందో అప్పుడప్పుడు రాయండి కాకా."

"నాకు రాయరాదు గద."

"అంకెలు వచ్చుగా."

పది పోస్టుకార్డుల మీద మా కొత్త చిరునామా రాసి ఇచ్చాను. ఏటా ఒకసారి, బాయిలర్ వెలిగించకముందు ఒక కొలత, వెలిగించాక ఒక కొలత. వంపు వీపుకూ గోడకూ మధ్య. అంతే చాలన్నాను. ఆయన కార్డులు లెక్కపెట్టి జేబులో, సుద్దముక్క పక్కన పెట్టుకున్నాడు.

ఆ తరువాత నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. మళ్లీ పైపు గీయలేదు. మా ఊరికి దగ్గర్లో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. బస్సు దాని పక్కనుంచి పోతుంటే గోడల వెంట పాకే ఆవిరి లైన్లను చూస్తాను. ప్రతి మలుపు దగ్గరా వంపుకూ గోడకూ మధ్య ఎంత జాగా ఉందో కంటితో కొలుస్తాను. బస్సు ఆగదు. అక్కడ ఆరో జాయింటు ఎవరు కట్టారో అడగడానికి నాకు ఎవరూ తెలియదు.

నా దగ్గర ఉన్న ప్రింటు మార్పుకు ముందుది. వర్క్‌షాపు నుంచి తిరిగొచ్చినప్పుడు పారేస్తుంటే తీసుకున్నాను. నా అక్షరాలు ఇంకుతో ఉన్న గుడ్డ అక్కడే ఉండిపోయింది. ఈ ప్రింటులో కూడితే ముప్పై రెండు వేలు వస్తుంది, ఇప్పటికీ.

1969 డిసెంబరులో మొదటి కార్డు వచ్చింది. గుండ్రటి అంకెలు, ఒకదాని కింద ఒకటి: 53, 8. మరుసటి ఏడాది 53, 8. 1971లో 53, 9. ఆ తొమ్మిది నన్ను చాలా రోజులు పట్టుకుంది. పైపు మారిందా, ఆవిరి తగ్గిందా, ఆయన కన్నా. 1972 డిసెంబరులో నాలుగో కార్డు వచ్చింది. అందులో ఒక్కటే అంకె. 53. లైను చల్లగా ఉన్నప్పటి కొలత. దాన్ని పోస్టులో వేసింది ఎవరో తెలియదు. తరువాత కార్డులు రాలేదు.

ఆ నాలుగోదాన్ని ప్రింటులో పెట్టి దాచాను. అంకె కార్డు పైభాగంలో ఉంది. దాని కింద రెండో అంకెకు ఆయన జాగా వదిలాడు.